పాపకు జేజి రాసే సీసాల సంగతి

అనంతపురం

పాపా,

ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీసేసి ఒకే మాదిరి గాజు సీసాలు రెండు డజన్లు తెప్పిస్తున్నావంట, మీ నాయన చెప్పినాడు. డబ్బు ఇంకా కట్టకపోయుంటే రెండు దినాలు ఆగు.

ముందు ఇంట్లో ఏమున్నాయో చూడు. కాఫీపొడి సీసా, తేనె సీసా, ఊరగాయ సీసా. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి 1500 డిగ్రీల దాకా కాగబెడితే గాని గాజు కాదు. అంత మంట తిన్నదాన్ని చెత్తబండికేసి కొత్తది కొంటే ఇంక పర్యావరణమనే మాటెందుకు? నా హార్లిక్స్ సీసా మీ నాయన బడికి పోయేనాటిది, ఇప్పటికీ మెంతులు దాంట్లోనే. లేబులు బంక వదలకపోతే చెనిక్కాయ నూనె రాసి గంటసేపు వదిలి పీచుతో రుద్దు. ఊరగాయ వాసన గాజుకు పట్టదు, మూతకు పడుతుంది. మూత మారిస్తే సరి.

కొనాల్సే వస్తే మూత చూసి కొను. నేను పోయినేడు క్లిప్పు మూతలవి ఆరు కొన్నా, చూడను ముద్దుగా ఉండె. ఏడాది తిరక్కుండానే రబ్బరు వాషర్లు సాగిపోయినాయి. ఆ కొలతవి ఊరంతా తిరిగినా దొరకలే. ఇప్పుడు వాటిల్లో గుండీలు, దారపుండలు పోసిపెట్టినా. అందుకే వాషరు విడిగా దొరుకుతుందా అని అంగట్లోనే అడుగు. నీళ్లు పోయించి, మూత బిగించి, తలకిందులు చేసి చూడు. అంచు చుట్టూ వేలు తిప్పు, గరుకు తగిలితే వద్దు. నోట్లో నీ చేయి దూరాల, లేకుంటే అడుగున అంటుకున్న పిండి కడగలేవు.

కిలో కందిబేడలకు లీటరుంబావు సీసా పడుతుంది, రాగిపిండికి ఇంకా పెద్దది. పప్పులపొడికి అర లీటరు చాలు. బియ్యానికి, బొరుగులకు గాజు పెట్టుకోవద్దు, స్టీలు డబ్బానే మేలు.

కిటికీలో వరసగా పేరిస్తే ఫోటోకు బాగుంటాయి, కాదన్ను. కానీ వెలుతురుకు చెనిక్కాయ విత్తనాలు తొందరగా కనరు వాసన కొడతాయి, మిరప్పొడి ఎరుపు వెలిసిపోతుంది. తలుపులున్న అలమార్లో, నడుమెత్తు దాటకుండా పెట్టు. ఇంకోటి, వేయించిన విత్తనాలు బాగా ఆరినాకనే పొయ్యి. నేనొకసారి బాండ్లిలోంచి నేరుగా పోస్తే టక్కుమని సీసా అడుగు ఊడి చేతికొచ్చింది. పగలకపోయినా ఆవిరి మూతకింద చెమ్మగా దిగి బూజు తెస్తుంది. బూజు పట్టిన చెనిక్కాయలు ఏరుకోని తినేవి కావు, పారెయ్.

పురుగును గాజు ఆపుతుందనుకోవద్దు. గుడ్లు బేడలతోపాటే అంగట్లోంచి ఇంటికొస్తాయి. ఎండాకాలమైతే మిద్దెమీద ఎండబెట్టి, చల్లారినాక పొయ్యి. సెప్టెంబరు వానల్లో అది కుదరదు. బేడలను సంచితోనే గట్టిగా మూతికట్టి ఫ్రీజర్లో నాలుగు దినాలుంచు. బయటికి తీసినాక వెంటనే విప్పొద్దు, చల్లదనమంతా పోయినాక విప్పు, లేకుంటే చెమ్మ పడుతుంది.

ఆదివారం మీ నాయన తాడిపత్రి మీదుగా కడప బస్సుకొస్తాడు. అటకమీద సీసాలు నాలుగు పాత చీరలో చుట్టి పంపిస్తా. ఒకదాంట్లో పప్పులపొడి ఉంటుంది, కుదుపులకు పగలకుండా సంచి ఒళ్లో పెట్టుకోమని నువ్వు కూడా ఫోన్లో చెప్పు. నా మాటైతే వినడు.

మీ జేజి