కొత్త కెమెరా కొన్న మేనకోడలికి

పెదవాల్తేరు,
విశాఖపట్నం

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నువ్వు ఆఫీసు క్యాబ్‌లో ఉన్నావు, ఇక్కడ అత్తయ్య అన్నానికి పిలుస్తోంది. పైగా ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఇంకో లెన్స్ ఏది కొనమంటావు మావయ్యా అని కదా అడిగావు. ఏదీ కొనకు. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ ఉంది, ఏడాదిపాటు దానితోనే తియ్యి. ఏడాది తర్వాత నీ ఫోటోలన్నీ ముందేసుకుని చూస్తే ఎక్కువగా ఎంత దూరం నుంచి తీశావో, ఎక్కడ వెలుతురు చాలక ఇబ్బంది పడ్డావో నీకే తెలుస్తుంది. ఇంట్లో మనుషుల్నే ఎక్కువ తీశావని తేలితే అప్పుడు 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్ కొనుక్కుందువుగాని. చవకలో దొరికే మంచి లెన్స్ అది. ఇంట్లో వెలుతురు తక్కువగా ఉన్నా పని జరుగుతుంది. అప్పటిదాకా డబ్బు దాచుకో. ఈలోగా చెయ్యాల్సిన పని వేరే ఉంది.

అదేమిటో చెప్పాలంటే మా వేపచెట్టు సంగతి చెప్పాలి. గేటు పక్కన ఉండేది, నీకు గుర్తుండే ఉంటుంది. వేసవి సెలవులకి వచ్చినప్పుడు దాని కిందే మీరు పిల్లలంతా మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తినేవాళ్ళు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజున అది వేళ్ళతో సహా పడిపోయింది. మర్నాడు నేను కెమెరా పట్టుకుని ఊరంతా తిరిగాను. బీచ్ రోడ్డు, సిరిపురం, వాల్తేరు అప్‌ల్యాండ్స్, ఎక్కడ చూసినా కూలిన చెట్లే, వంగిపోయిన కరెంటు స్తంభాలే. కైలాసగిరి మీద పచ్చదనం అంతా పోయి కొండ మాడిపోయినట్టు కనిపించింది. ఒక్కరోజులో మూడొందల పైచిలుకు ఫోటోలు తీశాను. కరెంటు వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చుని చూసుకుంటుంటే అమ్మమ్మ వచ్చి, "మన చెట్టు నిలబడి ఉన్నప్పటి ఫోటో ఒకటి చూపించరా" అంది.

రెండు రోజులు వెతికాను. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నవాణ్ణి. అరకు లోయ ఉంది. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటు ఉంది. ఎర్రమట్టి దిబ్బలు నాలుగు కాలాల్లోనూ ఉన్నాయి. మా గేటు దగ్గర చెట్టు మాత్రం లేదు. ఎవరిదో పెళ్ళికి బయల్దేరుతూ తీసుకున్న ఫోటోలో వెనకాల ఒక కొమ్మ సగం కనిపించింది. అమ్మమ్మ ఆ సగం కొమ్మనే చాలాసేపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. రోజూ కళ్ళెదురుగా ఉండేదే కదా, ఎప్పుడైనా తియ్యొచ్చులే అనుకున్నాను. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

కాబట్టి ముందు మీ ఇల్లు తియ్యి. మీ అమ్మ బాల్కనీ గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తుంది చూడు, ఆ వేళ కిటికీ వెలుగు పక్కనుంచి పడుతుంది. మీ నాన్న పేపరు చదువుతూ కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుంటాడు. మేడ మీద ఆరేసిన బట్టలు, మీ ఫ్లాట్స్ కింద ఇస్త్రీ బండి, ఆ బండివాడి బొగ్గుల పెట్టె. ఇవన్నీ తియ్యి. తీసేటప్పుడు గదిలో ట్యూబులైటు ఆర్పెయ్యి. పగటి వెలుగు, ట్యూబులైటు వెలుగు రెండూ కలిస్తే ముఖం ఒక పక్క ఒక రంగు, రెండో పక్క ఇంకో రంగు వస్తుంది. "ఇటు చూడమ్మా, నవ్వు" అనకు. కెమెరాని బ్యాగులో దాచెయ్యకుండా హాల్లో అందరికీ కనబడేలా పెట్టు. పది పదిహేను రోజులయ్యేసరికి టీవీ రిమోట్‌లాగా అదీ ఇంట్లో వస్తువైపోతుంది, ఎవరూ సర్దుకుని కూర్చోరు. అసలైన ఫోటోలు అప్పటినుంచి మొదలవుతాయి.

ఇక మీ కుక్కపిల్ల. నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు ఫోటోలూ జూమ్ చేసి మరీ చూశాను. నాలుగూ నువ్వు నిలబడే తీశావు. అందుకే తల పెద్దగా, కాళ్ళు పొట్టిగా వచ్చాయి. కింద కూర్చోవడం కూడా చాలదు, నేల మీద బోర్లా పడుకోవాలి. దాని కళ్ళ ఎత్తుకి లెన్స్ రావాలి. అప్పుడు దాని ముఖంలో ఏముందో నీకు కనిపిస్తుంది. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే, మనకి దగ్గరగా ఉన్న కంటి మీద. ముక్కు మసకబారినా పర్వాలేదు గాని కన్ను మసకబారితే ఆ ఫోటో పనికిరాదు. ఆడుకునేటప్పుడు షట్టర్ స్పీడు, అంటే షట్టర్ తెరిచి మూసే వేగం, 1/500కి తగ్గనివ్వకు, పరిగెడుతుంటే 1/1000 పెట్టు. వెలుతురు తక్కువైతే ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురుని పట్టుకునే శక్తి, పెంచేసుకో. గింజలు గింజలుగా కనిపించినా ఫర్వాలేదు, కదిలిపోయిన ఫోటోని మాత్రం ఎవరూ బాగుచెయ్యలేరు.

ఫ్లాష్ వద్దు. కుక్కలకీ పిల్లులకీ కంట్లో రెటీనా వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. చీకట్లో వాటికి బాగా కనబడేది దానివల్లే. ఫ్లాష్ వెలుగు ఆ పొరని తాకి తిరిగొస్తుంది, అందుకే నీ మూడో ఫోటోలో కళ్ళు ఆకుపచ్చగా మెరిశాయి. పైగా పిల్ల కదా, ఒకసారి బెదిరిందంటే కెమెరా చూడగానే మంచం కింద దూరుతుంది.

నల్లకుక్కని తియ్యడం వేరు. మా కుక్క బొగ్గుతో అది నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. కెమెరాకి నలుపు తెలీదు, ముందంతా చీకటిగా ఉందనుకుని వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది. నల్లకుక్క బూడిదరంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు మైనస్‌లోకి దించితే నలుపు నలుపుగా వస్తుంది. మీది తెల్లపిల్ల గనక నువ్వు ఒక మెట్టు ప్లస్‌లోకి పెట్టుకోవాలి, లేకపోతే మురికిపట్టినట్టు కనిపిస్తుంది. బొచ్చు మీద వెలుగు పక్కనుంచి పడేలా చూసుకో, వెంట్రుక వెంట్రుకా విడిగా తెలుస్తుంది.

బొగ్గు మా ఇంటికి వచ్చింది హుద్‌హుద్ అయిన నెలకి, పడిపోయిన చెట్టు మొద్దు దగ్గర దొరికింది. చెట్టు విషయంలో పడ్డ బాధ వల్లనే కాబోలు, ఆ ఏడాది భోగి రోజున దాన్ని గేటు మెట్టు మీద కూర్చోబెట్టి ఒక ఫోటో తీశాను. ప్రతి ఏడాదీ భోగినాడు అదే మెట్టు, అదే వేళ, దాదాపు అదే దూరం. ఇప్పటికి పదకొండయ్యాయి. మొదటిదాంట్లో మెట్టులో నాలుగోవంతు ఉంటుంది. నాలుగోదానికి మెట్టు చాలలేదు. ఎనిమిదోదాంట్లో గడ్డం కింద ఒక తెల్లచుక్క. నిరుడు మూతి అంతా తెల్లబడిపోయింది, మెట్టెక్కడానికి నేను చెయ్యి ఆసరా ఇవ్వాల్సి వచ్చింది. నేను తీసినవాటిలో అమ్మమ్మ మళ్ళీ మళ్ళీ అడిగి చూసేవి ఇవే. మీ పిల్లకి కూడా ఒక చోటు, ఒక రోజు ఇప్పుడే అనుకో.

సముద్రం దగ్గరకి ఎలాగూ వెళ్తావు. మన తీరంలో సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి వెళ్ళిపోతాడు. కాబట్టి మంచి వెలుగు కావాలంటే పొద్దున్నే లేవాలి, వేరే దారి లేదు. జూన్‌లో అయిదూ ఇరవైకల్లా సూర్యోదయం అయిపోతుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. అరగంట ముందే అక్కడ ఉండు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌ని అందరూ తీస్తారు. నువ్వు మాత్రం దాని ముందు నడిచే ముసలివాళ్ళని, ఇసకలో కబడ్డీ ఆడే కుర్రాళ్ళని, సాయంత్రం అయితే మురీ మిక్స్చర్ కలిపే చేతుల్ని చూడు.

ఉప్పుగాలి కెమెరాకి శత్రువు. బీచ్‌లో లెన్స్ విప్పకు. ఇంటికి రాగానే ముందు బ్లోయర్‌తో ఇసక ఊది, తర్వాత కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో కెమెరా ఒళ్ళు తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడువు. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. బ్యాగులోనే ఉంచి అరగంట ఆగు. వానాకాలంలో చెమ్మ పీల్చే సిలికాజెల్ పొట్లాలు వేసిన గట్టి మూత డబ్బాలో దాచు. బీరువాలో బట్టల మధ్య పెట్టావంటే రెండేళ్ళలో లెన్స్ లోపల బూజు పడుతుంది. నా మొదటి లెన్స్ అలాగే పోయింది.

ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామునే వెళ్ళు. ఒంటరిగా వద్దు, మొదటిసారి నేను వస్తాను. చేపలమ్మే అమ్మలకి బోణీ కాకుండా కెమెరా ఎత్తకు. ముందు ఏదైనా కొను, అర కిలో కవ్వళ్ళయినా సరే. ఆ తర్వాత, "ఒక ఫోటో తీసుకోనా అమ్మా" అని అడుగు. వద్దంటే నవ్వి ముందుకెళ్ళిపో. తీస్తే మాత్రం ప్రింటు వేయించి మళ్ళీ వారం పట్టుకెళ్ళి చేతికివ్వు. నేను అలా ఇచ్చిన ఒకావిడ ఆ ఫోటోని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తక్కెడ పెట్టెలో దాచుకుంది. నాకు ఇంతకంటే పెద్ద మెప్పు ఇంకెక్కడా దొరకలేదు. ఇంకో మాట. నేవీ గోడలు, డాక్‌యార్డు వైపు, విమానాశ్రయంలో రన్‌వే వైపు కెమెరా తిప్పకు. తియ్యొద్దని బోర్డు ఉన్నచోట తియ్యొద్దంతే.

సెలవులకి అరకు వెళ్తున్నామన్నావు. రైల్లో వెళ్ళండి. సొరంగంలోకి బండి దూరగానే పిల్లలంతా కేకలు పెడతారు. బయటికి రాగానే కిటికీలోంచి వెలుగు ఒక్కసారిగా ముఖాల మీద పడుతుంది. అప్పుడు లోయని వదిలేసి ముఖాలు తియ్యి. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూస్తాయి, కానీ ఆ పొలాలు రైతులవి. లోపలికి దిగి తొక్కకుండా గట్టు మీద నిలబడి తీసుకో. రోజులో రెండు గంటలు కెమెరా సంచిలో పెట్టేసి మీ అమ్మతో కబుర్లు చెప్పు. నేను నీ వయసులో అలా చెయ్యలేదు. మీ అమ్మతో కలిసి వెళ్ళిన బొర్రా గుహల ప్రయాణం నాకు ఫోటోల్లో తప్ప జ్ఞాపకంలో లేదు.

పండగల్లో నాకు చాలా ఇష్టమైనది సింహాచలం గిరిప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి ముందు ముప్ఫై రెండు కిలోమీటర్లు జనం కాలినడకన కొండ చుట్టూ తిరుగుతారు. దారి పొడుగునా ఎవరెవరో నిలబడి మజ్జిగ, మంచినీళ్ళు ఇస్తుంటారు. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, చెప్పుల్లేని పాదాలు. అప్పుఘర్ దగ్గర సముద్రంలో మునిగి తడిబట్టలతో మళ్ళీ నడక మొదలుపెట్టేవాళ్ళు. వాన ఏ క్షణమైనా వస్తుంది, కెమెరాకి ఒక ప్లాస్టిక్ కవర్ దగ్గర ఉంచుకో.

చివరగా దాచుకోవడం గురించి. ఒకే హార్డ్ డిస్క్‌లో పెట్టిన నాలుగేళ్ళ ఫోటోలు నేను పోగొట్టుకున్నాను, బాగుచేసే షాపు చుట్టూ ఎంత తిరిగినా రాలేదు. కాబట్టి ప్రతి ఫోటో రెండు డిస్కుల్లో ఉండాలి, ఇంకో కాపీ ఇంటి బయట ఉండాలి. అది మా ఇంట్లో పెట్టుకో. నెలకి పది మాత్రం ఏరి ప్రింటు వేయించు. వెనకాల ఎవరు, ఎక్కడ, ఏ రోజు అని మెత్తటి పెన్సిల్‌తో రాయి. బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి. ఫ్రేము కట్టిస్తే అద్దానికి ఫోటో అంటకుండా మధ్యలో అట్ట పెట్టమని చెప్పు. మన ఊరి చెమ్మకి అంటుకుపోయిందంటే ఊడదీయలేం.

ఈసారి భోగికి ముందురోజు రాత్రే వచ్చెయ్యండి. నాలుగున్నరకి మంట వేస్తాం. ఫ్లాష్ లేకుండా, ఐఎస్ఓ 3200లో, మంట వెలుగులో అమ్మమ్మ ముఖం ఎలా తియ్యాలో పక్కన నిలబడి చూపిస్తాను. తెల్లవారాక బొగ్గుకి పన్నెండో ఫోటో నువ్వే తియ్యాలి. నా మోకాళ్ళు ఇప్పుడు అంత కిందకి వంగనివ్వడం లేదు. మీ పిల్లని కూడా తీసుకురా, అదే మెట్టు మీద దాని పక్కన కూర్చోబెడదాం. బ్యాటరీ రాత్రే ఛార్జింగ్ పెట్టుకో.

మీ అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య