ఫోన్ లాక్కున్న కొడుకు, మాట్లాడని తండ్రి

"మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. ఫోన్‌లో డబ్బులు పెట్టి ఆడే ఆటలకు అలవాటుపడి అప్పు చేశాడు. గత నెల ఇద్దరు స్నేహితులతో బండి మీద వెళ్తూ, రోడ్డు మీద ఒకావిడ చేతిలో ఫోన్ లాక్కున్నారు. అదే రోజు దొరికిపోయారు. ముగ్గురిలో ఒకడికి 19 ఏళ్లు. మా వాణ్ని జువైనల్ బోర్డులో హాజరుపరిస్తే, మా పూచీ మీద ఇంటికి పంపారు. వచ్చే వారం ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొస్తారట. 'యాభై వేలిస్తే రిపోర్టు బాగా రాయిస్తా' అని తెలిసినాయన ఒకరు తిరుగుతున్నాడు. మావారు వాడితో మాటలు మానేసి, హైదరాబాద్‌లో మా మరిది దగ్గరికి తోలేద్దాం అంటున్నారు. వాడికిక ఉద్యోగం, పాస్‌పోర్టు రావా?" – ఒక తల్లి, గుంటూరు జిల్లా

అమ్మా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ ఆఖరి ప్రశ్నే కాబట్టి ముందు దానికి జవాబు చెబుతాను. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, మీ వాడి లాంటి కేసులో జువైనల్ బోర్డు, అంటే పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల కేసులు చూసే బోర్డు, తప్పు జరిగిందని తేల్చినా, దాన్ని చూపించి రేపు వాణ్ని దేనికీ అనర్హుడిని చేయకూడదు. అప్పీలు గడువు దాటాక ఆ రికార్డును కూడా తీసేయాలి. వాడి ఫొటో, పేరు బయటపెట్టడం నేరం, ఆరు నెలల జైలు గానీ రెండు లక్షల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఉత్సాహం చూపిస్తే ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

ఫోన్ లాక్కున్నందుకు పెద్దవాళ్లకైతే మూడేళ్ల దాకా శిక్ష. పిల్లల చట్టం లెక్కలో అది చిన్న నేరాల కోవలోకి వస్తుంది. ఇలాంటి వాటిలో పిల్లలే ఉంటే మామూలుగా ఎఫ్‌ఐఆర్ కూడా కట్టరు, స్టేషన్ డైరీలో రాసుకుంటారు. ఆ 19 ఏళ్లవాడు కలిసి ఉండబట్టే వ్యవహారం పెద్దదైనట్టు కనిపించి ఉంటుంది. వాడి కేసు మామూలు కోర్టులో వేరుగా నడుస్తుంది. మీ వాడి విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, తప్పదంటే ఇంకో రెండు నెలలు. బోర్డులో మేజిస్ట్రేట్ పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, వారిలో ఒకరైనా మహిళ ఉండాలి. మందలించి పంపడం, గ్రూప్ కౌన్సెలింగ్, సమాజ సేవ, మీ బాధ్యత మీద ఇంట్లోనే ఉంచి నడవడిక గమనించే ప్రొబేషన్, ఇవన్నీ వాళ్ల చేతిలో ఉన్నాయి. తప్పు చేసిన పిల్లల్ని ఉంచే స్పెషల్ హోమ్‌కు పంపడమూ ఉంది, మూడేళ్లకు మించకుండా.

ఇందులో ఏది ఎంచుకుంటారన్నదానికి ఆ ప్రొబేషన్ ఆఫీసర్ రాసే సామాజిక పరిశీలన నివేదిక చాలావరకు ఆధారం. కాబట్టే దళారి దాని మీద పడ్డాడు. ఒక్క రూపాయి ఇవ్వకండి. పిల్లవాడి కేసు కాస్తా లంచం కేసు అవుతుంది.

నేను చూసిన ఒక ఇంట్లో, ఆఫీసర్ వస్తున్నారని కొత్త దుప్పట్లు పరిచారు, కుర్రాడి చేత విభూతి పెట్టించారు. "మీ వాడు ఏ గ్రూపు?" అని ఆయన అడిగారు. తండ్రి ఠక్కున "ఎంపీసీ" అన్నాడు. వంటింటి గుమ్మంలోంచి కుర్రాడు, "సీఈసీ నాన్నా. మారి మూడు నెలలైంది" అన్నాడు. ఆ దుప్పట్లు ఎవరూ చూడలేదు. ఆఫీసర్‌కు కావలసిందల్లా ఆ సంగతులే. వాడు కాలేజీ ఎప్పటినుంచి ఎగ్గొడుతున్నాడు, మొదట ఎవరు గమనించారు, ఇంట్లో ఎవరితో మనసు విప్పుతాడు. ఉన్నదున్నట్టు చెప్పండి. "మా వాడు బంగారం" అంటే, మరి ఈ ఫోన్ సంగతేంటని ఆయన అడక్కతప్పదు.

ఇక ఆ అప్పు. ఎవరికి, ఎంత? మీ ఉత్తరంలో ఆ లెక్క లేదు. నా భయమంతా దాని మీదే. కేసు ముగిసినా అప్పిచ్చినవాడు కాలేజీ గేటు దగ్గరే ఉంటాడు, వాడికి కట్టడానికి మళ్లీ ఏదో ఒకటి లాక్కోవాలి. మీ వాడి చేత ఆ లెక్క కాగితం మీద పైసలతో సహా రాయించండి. అసలు సొమ్ము మాత్రం మీవారు స్వయంగా వెళ్లి తీర్చాలి, మీ వాణ్ని వెంటబెట్టుకుని. అవతలివాడు బెదిరిస్తే పోలీసులకు చెప్పండి. ఆ ఆటల యాప్‌లు మీరు లాక్కుని తీసేయొద్దు. వాడే, మీ ముందు తీసేయాలి.

మరిది ఇంటి మాట మరిచిపోండి. వాణ్ని వదిలింది మీ పూచీ మీద. బోర్డుకు చెప్పకుండా ఊరు దాటిస్తే, వాయిదాకు రాకపోతే మీరే ఇరుక్కుంటారు. పైగా వాడికి అర్థమయ్యేది ఒకటే, నాన్న నన్ను వదిలించుకున్నాడని. మీవారికి నా మాటగా చెప్పండి: పలకరించడమంటే క్షమించేయడం కాదు. "తిన్నావా?" అని అడిగినా చాలు, ఈ వారానికి. ఆయన కోపం న్యాయమైనదే, కానీ వాడితో నోరు విప్పి మాట్లాడేది ఇప్పుడు ఆ 19 ఏళ్లవాడి బ్యాచ్ ఒక్కటే అయితే, వాడు ఎటు పోతాడు?

లాయరుకు అప్పు చేయకండి. పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వాయిదా రోజు ఇద్దరూ వెళ్లండి, ఆయన డ్యూటీకి సెలవు పెట్టయినా సరే. టెన్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ సంచిలో పెట్టుకోండి, వయసుకు ముందు చూసేది దాన్నే.