స్పూన్ చూస్తేనే డోకు వస్తోంది మేడం

ప్రశ్న: నమస్తే మేడం, మా బాబుకి 14 నెలలు. పుట్టినప్పటి నుంచి పాలు కక్కేవాడు, కక్కే పిల్లలు బాగానే పెరుగుతారులే అని పెద్దవాళ్ళు అన్నారు, 9 నెలలకి అది తగ్గిపోయింది కూడా. కానీ అన్నం మొదలుపెట్టాక వేరే గొడవ, పప్పన్నం మిక్సీలో వేసి పేస్ట్ లాగా చేసి పెట్టినా నాలుగు ముద్దలకే డోకొచ్చి మొత్తం కక్కేస్తాడు, ఇప్పుడైతే స్పూన్ చూస్తేనే డోకు. ఫోన్లో రైమ్స్ పెట్టి, ఒకరు చేతులు పట్టుకుని ఒకరు పెడితే గంట పడుతుంది. రాత్రి నిద్రలో మాత్రం 4 సార్లు బాటిల్ పాలు తాగుతాడు, అవి ఒక్కసారి కూడా కక్కడు. 9 నెలలప్పుడు 7.6 కిలోలు, ఇప్పుడు 8.6. వాంతుల సిరప్, గ్యాస్ సిరప్ 3 నెలలుగా వాడుతున్నాం. అత్తయ్య దిష్టి అంటున్నారు. వాడికి తిండి పెట్టే టైమ్ వస్తోందంటేనే నాకు ఏడుపొస్తోంది.
– ఒక అమ్మ, ఖమ్మం

జవాబు: ముందు మీరు ఏడవకండమ్మా. నిద్రలో తాగిన పాలు ఒక్కసారి కూడా కక్కడు అని రాశారు చూడండి, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. కడుపులోనో పేగులోనో అడ్డు ఉంటే నిద్రలో తాగినా కక్కాలి కదా. మెలకువగా ఉన్నప్పుడు, అదీ స్పూన్ కనపడగానే డోకు వస్తోందంటే వాడు తిండికి భయపడుతున్నాడని నాకనిపిస్తోంది. బరువు కూడా తక్కువే గానీ అంగన్వాడీ కార్డులో చూస్తే ఆకుపచ్చ భాగంలోనే, తన గీత పట్టుకునే వస్తున్నాడు.

చిన్నప్పటి కక్కడం వేరు. అన్నవాహిక కింద కవాటం లాంటి కండరం ఇంకా గట్టిపడక పాలు పైకొస్తాయి, 4 నెలలప్పుడు ఎక్కువగా ఉండి చాలామందికి ఏడాది, ఏడాదిన్నర లోపు దానంతటదే పోతుంది, మీ వాడికీ పోయింది. కానీ 14 నెలల దాకా మిక్సీ పేస్టే తిన్న పిల్లాడికి నాలుకతో ముద్దని తిప్పి నమలడం అలవాటే కాలేదు, చిన్న పలుకు తగిలినా డోకొస్తుంది, ఆ డోకు చూసి మనం భయపడి ఇంకా మెత్తగా చేస్తాం, తినట్లేదని చేతులు పట్టుకుని కుక్కుతాం, వాడు ఇంకా బిగుసుకుపోతాడు. మీరు ప్రేమతోనే చేశారు, ప్రతి ఇంట్లో చేసేదే, కానీ చేతులు పట్టుకోవడం మాత్రం ఇవాళే ఆపేయండి, నా మాట వినండి.

ఇక ఆకలి సంగతి. రాత్రి 4 బాటిళ్ళు తాగితే పొద్దున ఆకలెక్కడిది? మూడు నాలుగు రోజులకి ఒక బాటిల్ చొప్పున తగ్గించుకుంటూ రండి, రోజు మొత్తం మీద పాలు 500 మిల్లీలీటర్లు దాటకూడదు, అవీ గ్లాసుతో. పాలు ఎక్కువైతే ఐరన్ తగ్గుతుంది, ఐరన్ తగ్గితే ఆకలి చచ్చిపోతుంది, అందుకే ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. తిండికీ తిండికీ రెండున్నర మూడు గంటల గ్యాప్ ఇచ్చి, మీరు తినేటప్పుడు పక్కనే కూర్చోబెట్టి వాడికో ప్లేట్ ఇవ్వండి, ఫోన్ వద్దు. మెత్తటి ఇడ్లీ ముక్క, ఉడికించిన బంగాళాదుంప, అరటిపండు, చేత్తో మెదిపిన పప్పన్నంలో నెయ్యి. నలిపినా, పారేసినా ఊరుకోండి. 20, 25 నిమిషాలయ్యాక తిన్నా తినకపోయినా తీసేయండి. కక్కితే తుడిచేసి వదిలేయండి, వెంటనే మళ్ళీ పెట్టొద్దు. పల్లీలు, నిండు ద్రాక్షపళ్ళు మాత్రం ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. మొదటి వారం ఇంకా తక్కువ తినొచ్చు, కంగారు పడకుండా 15 రోజులకోసారి బరువు చూడండి, తగ్గుతుంటే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

గ్యాస్ సిరప్ యాసిడ్ తగ్గిస్తుందంతే, వాంతి ఆపదు. వాంతుల సీసా మీద డోంపెరిడోన్ అని ఉందేమో చూడండి, అది గుండె లయ మీద పనిచేసే ప్రమాదం ఉందని 2014 లో యూరప్ మందుల సంస్థ మామూలుగా వారానికి మించి వాడొద్దంది, 3 నెలలు చాలా ఎక్కువ, రాసిన డాక్టర్ గారినే అడిగి ఆపండి. నీళ్ళు తాగినప్పుడల్లా పొలమారినా, రెండు నెలల్లో మార్పు లేకపోయినా జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదల సమస్యలు చిన్నప్పుడే గుర్తించి చూసే సెంటర్ ఉంటుంది, అక్కడ స్పీచ్ థెరపిస్ట్ నమలడం, మింగడం కూడా చూస్తారు. పచ్చగా ఆకు రంగులో వాంతి, రక్తం, పొట్ట ఉబ్బడం, పొద్దున్నే తలనొప్పితో వాంతులు, మత్తుగా పడి ఉండడం, వీటిల్లో ఏదున్నా ఆ రోజే హాస్పిటల్. దిష్టి తీస్తానంటే అత్తయ్యగారిని తీయనివ్వండి, దానివల్ల పిల్లాడికి నష్టం లేదు.

ప్రశ్న: మా అక్క బాబుకి 5 వారాలు. పాలు తాగిన కాసేపటికి మీటర్ దూరం పడేట్టు కక్కి, మళ్ళీ వెంటనే ఆకలికి ఏడుస్తున్నాడు. పాలు మార్చమంటారా?
– గుంటూరు

జవాబు: మీరు నంబర్ ఇచ్చారు కాబట్టి లెటర్ చదివిన రోజే ఫోన్ చేశాను, మిగతా వాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నా. 3 నుంచి 6 వారాల వయసులో ఇలా చిమ్మినట్టు కక్కి మళ్ళీ ఆకలంటుంటే కడుపు చివర కండరం మందమై దారి మూసుకుపోతోందేమో చూడాలి, మగపిల్లల్లో ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది, ముందు సెలైన్ పెట్టి ఒంట్లో లవణాలు సరిచేసి చిన్న ఆపరేషన్ చేస్తారు, సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో మళ్ళీ మామూలుగా పాలు తాగుతారు. పాలు మార్చి చూద్దాం అని రోజులు పోనివ్వకండి, మూత్రం తగ్గిందంటే రాత్రయినా సరే బయల్దేరండి.