టీమ్ లిస్టు గోడకి అంటించే ముందు ఒక్కసారి ఇది చదువు అల్లుడూ

ఒరే అల్లుడూ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేసాక నాకు నిద్ర పట్టలేదురా. 5-0 తో ఓడిపోయాం అన్నావు, అందులో నాలుగు సెకండాఫ్ లోనే అన్నావు, విజయనగరం నుంచి బొబ్బిలి వచ్చేదాకా బస్సులో ఒక్క గుంటడు నోరు విప్పలేదన్నావు, ఇంక మా ఫుట్ బాల్ టీమ్ లో మోరల్ అన్నదే లేదు మావయ్యా అనేసి టప్పున కట్ చేసేసావు. నా మొహం చూసి మీ అత్త ఎవరో పోయారనుకుంది. పొద్దున్న టీ తాగి ఇలా కూర్చుని ఒక్క వేలితో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకో. ముప్పై ఏళ్ళు పీఈటీ గా, అదే స్కూల్లో ఆటల మాస్టారుగా చేసినోడికి విజిల్ ఊదడం వచ్చు గానీ పొట్టిగా రాయడం రాదు, అది కూడా సర్దుకో.

ముందు నాకొకటి చెప్పు. గోల్ పడ్డాక నెట్ లోంచి బంతి ఎవడు తీసాడు?

స్కోరు చెప్పావు, రిఫరీని తిట్టావు, గ్రౌండ్ లో గులకరాళ్ళన్నావు, ఇది మాత్రం చెప్పలేదు. టీమ్ బతికుందో లేదో నేను చూసేది అక్కడే. కీపర్ ఒక్కడే వంగి బంతి తీసుకుంటున్నాడు, మిగతా పదిమందీ నడుం మీద చేతులేసుకుని తలో దిక్కూ చూస్తున్నారు అంటే అక్కడ పదకొండు మంది ఉన్నారు గానీ టీమ్ లేదు. అదే డిఫెన్స్ మధ్యలో ఆడే స్టాపర్ ఎవడో లగెత్తుకొచ్చి కీపర్ వీపు మీద ఒకటి చరిచి బంతి చంకలో పెట్టుకుని సెంటర్ కి పట్టుకెళ్ళాడా, మూడు గోల్స్ పడినా నాకేం బెంగ లేదు. ఇంకోటి కూడా చూడు, గోల్ పడిన వెంటనే వీళ్ళ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో. తప్పు చేసినోడి మీదకి తిరిగితే అదొక రోగం, లైన్ బయట నిలబడ్డ నీ మీదకి తిరిగితే ఇంకో రోగం, నీకు భయపడుతున్నారన్నమాట. భయపడ్డోడు బంతి అడగడు, ఎదుటోడి వెనకాలకెళ్ళి నిలబడతాడు పాస్ నాకు రాకపోతే బాగుణ్ణని, అప్పుడు బంతి ఉన్నోడికి ఇచ్చేందుకు మనిషి దొరకడు, గట్టిగా ముందుకి తన్నేస్తాడు, అది వాళ్ళకే పోతుంది, మళ్ళీ మన మీదకే వస్తుంది. చూసేవాళ్ళు స్టామినా లేదంటారు. స్టామినా కాదురా అది.

2014 వరల్డ్ కప్ సెమీఫైనల్ నీతో పాటే మా ఇంట్లో చూసాను కదా, జూలై 8 మ్యాచ్, మనకి అర్ధరాత్రి ఒకటిన్నరకి మొదలైంది. బ్రెజిల్ సొంత దేశం, సొంత జనం, 23వ నిమిషం నుంచి 29వ నిమిషం లోపల నాలుగు గోల్స్ తినేసారు జర్మనీ చేతిలో, చివరికి 7-1. బ్రెజిల్ వాళ్ళకి ఆడటం రాకనా? అంతకు ముందు మ్యాచ్ లో కొలంబియా మీద వాళ్ళ స్టార్ నేమార్ కి వెన్నుపూస విరిగింది, కెప్టెన్ థియాగో సిల్వా ఎల్లో కార్డుల వల్ల ఆడటానికి లేదు. సరే, జరిగేవే ఇవన్నీ. కానీ జాతీయ గీతం పాడుతున్నప్పుడు నేమార్ చొక్కా చేత్తో పట్టుకుని నిలబడ్డారు గుర్తుందా, నువ్వు అబ్బ ఎంత ప్రేమ మావయ్యా అన్నావు, నేనేమో ఇదేటిరా దినం చేస్తున్నట్టున్నారు అన్నాను. లేనోడి గురించి అంత తలుచుకుంటే ఉన్నోడికి ఏమనిపిస్తుంది, నేను సరిపోననేగా వీళ్ళ ఉద్దేశం అనిపిస్తుంది. నా అభిప్రాయమే అనుకో. కానీ నీ స్ట్రైకర్ గుంటడికి చీలమండ బెణికిన దగ్గర్నుంచి నువ్వు కూడా అదే చేస్తున్నావు, ఫోన్లో పది నిమిషాల్లో నాలుగుసార్లు వాడుంటేనా వాడుంటేనా అన్నావు. నాతోనే అన్నిసార్లు అంటే గ్రౌండ్ లో ఆ కుర్రాళ్ళ ముందు ఎన్నిసార్లు అనుంటావు. ఆ మాట ఇవాళ్టితో మానేయ్.

ఓటమి ఒక్కటే టీమ్ ని పాడుచెయ్యదురా. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిందే, అప్పుడు నేను ఉద్దానం వైపు హైస్కూల్లో ఉన్నాను. కొబ్బరిచెట్లు జీడితోటలు పడుకుండిపోయాయి, మా టీమ్ లో సగం మంది ఇళ్ళ మీద రేకుల్లేవు, కరెంటు లేదు, కొబ్బరి మీద బతికే ఇళ్ళు కదా పెద్దాళ్ళ మొహాలు చూడలేకపోయేవాణ్ణి. ఇంక ఈ ఏడాదికి ఫుట్ బాల్ ఏంటి అనుకున్నా. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం నలుగురు వచ్చారు, మాస్టారూ బంతి ఇస్తారేటి అని. గ్రౌండ్ కి అడ్డంగా పడిపోయిన చెట్టుని ఆళ్ళే లాగి, దాని మానుని ఒక పక్క గోల్ లైన్ కింద పెట్టుకుని ఆడారు. అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది చెప్పు. కానీ అది అందరికీ కలిపి తగిలిన దెబ్బ, ఒకడి మీద ఒకడు నెట్టుకునేది కాదు. మ్యాచ్ ఓడిపోతే అలా ఉండదు, తప్పు ఎవరిది అన్న లెక్క మొదలవుతుంది, ఆ లెక్క నువ్వు తర్వాత మ్యాచ్ కి రాసే లిస్టుతో తేలుతుంది. అందుకే నాకు నీ 5-0 కన్నా నువ్వు చివర్లో అన్న మాట భయమేసింది, ఎడమ పక్క కాసే లెఫ్ట్ బ్యాక్ నీ కీపర్ నీ ఇద్దర్నీ పీకేస్తాను, లిస్టు శుక్రవారం నోటీస్ బోర్డు మీద పెట్టేస్తాను అన్నావు చూడు, అది.

నేను చేసిన వెధవ పని నీకెప్పుడూ చెప్పలేదు. 94లోనో 95లోనో, అప్పుడు నాకూ నీ వయసే. మధ్యలో ఆడే మంచి హాఫ్ బ్యాక్ ఒకడు వరసగా మూడు రోజులు ప్రాక్టీస్ కి రాలేదు. నాకు కోపమొచ్చింది, జోనల్స్ పోటీల లిస్టులో వాడి పేరు తీసేసి బోర్డు మీద అంటించి నేను స్టాఫ్ రూమ్ లో కూర్చున్నా, అడగడానికి వస్తాడులే అప్పుడు చెబుదామని. రాలేదు. ఇంటర్వెల్ లో స్నేహితులందరి మధ్యలో నిలబడి చదువుకున్నాడట. తర్వాత తెలిసింది, వాళ్ళ నాన్న చెన్నై పనికి వెళ్ళిపోతే ఇంట్లో మగదిక్కు లేక వరి కోతలకి వెళ్ళాడు. వాడు మళ్ళీ గ్రౌండ్ కి రాలేదు. వాడి స్నేహితులు ముగ్గురున్నారు టీమ్ లో, వాళ్ళు వచ్చారు గానీ కాళ్ళు రాలేదు, మొదటి రౌండ్ లోనే ఇంటికొచ్చేసాం. చాలా ఏళ్ళకి ఆమదాలవలస స్టేషన్ బయట ఆటో ఎక్కితే డ్రైవర్ వాడే. డబ్బులు తీసుకోలేదు. నవ్వుతూనే అడిగాడు, ఆవేళ లిస్టులో నా పేరు మర్చిపోయారా తీసేసారా మాస్టారూ అని. ఇరవై ఏళ్ళు వాడికి అదే తెలీలేదురా.

తీసెయ్యడం తప్పు కాదు. అవసరమైతే తీసెయ్యాలి, జాలికి పోయి అదే పదకొండు మందిని దింపితే బెంచీ మీద కూర్చున్నోళ్ళు కుళ్ళిపోతారు, మనం ఎంత కష్టపడ్డా ఇంతేలే అనుకుంటారు. 2022 వరల్డ్ కప్ లో అర్జెంటీనా మొదటి మ్యాచే సౌదీ మీద 2-1 ఓడిపోయింది కదా, అప్పటికి 36 మ్యాచ్ ల నుంచి ఓటమి లేని టీమ్. వాళ్ళ కోచ్ స్కలోని తర్వాత మ్యాచ్ కి ఐదుగుర్ని మార్చేసాడు, ఆ తర్వాత మ్యాచ్ కి లౌతారో మార్టినెజ్ నే కూర్చోబెట్టి అల్వారెజ్ అన్న కుర్రాణ్ణి దింపాడు. లౌతారో అంటే చిన్నాడా, వాళ్ళ మెయిన్ స్ట్రైకర్. అలిగి కూర్చోవచ్చు. క్వార్టర్స్ లో నెదర్లాండ్స్ మీద పెనాల్టీ షూటౌట్ లో ఆఖరి పెనాల్టీ కొట్టి గెలిపించింది అతనే. అంటే పక్కన పెట్టిన తర్వాత కూడా వాడు నా మనిషే అనిపించేలా పెట్టాలన్నమాట, దానికి మందూ మాకూ ఏమీ లేదు, ముందు వాడితో మాట్లాడటమే.

మన రహీం సాబ్ గురించి నీకు బీపీఈడీలో, ఆ ఆటల మాస్టర్ల కోర్సులో చెప్పారో లేదో. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్, మనలాగే మాస్టారు, ఇండియా ఫుట్ బాల్ టీమ్ కోచ్. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ లో మనోళ్ళు మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా మీద 2-0 ఓడిపోయారు. తర్వాత థాయిలాండ్ మీద గెలిచారు గానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి, జపాన్ మ్యాచ్ కి లేడు. నువ్వూ నేనూ అయితే ఏం చేస్తాం, ఇంక నువ్వు రెస్ట్ తీసుకో నాయనా అంటాం. రహీం సాబ్ సెమీఫైనల్లో అతన్ని సెంటర్ ఫార్వర్డ్ గా దింపాడు, డిఫెండర్ ని, తల మీద కుట్లున్నవాణ్ణి! గోల్ కొట్టాడు. ఫైనల్ మళ్ళీ అదే కొరియాతో, పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1, గోల్డ్ మెడల్. స్టేడియం నిండా జనం మనకి వ్యతిరేకంగా అరుస్తున్నా. అప్పటికే రహీం సాబ్ ఒంట్లో క్యాన్సర్, మరుసటేడాదే పోయారు. ఈ కథ నేను పిల్లలకి వందసార్లు చెప్పుంటాను, నాకు అందులో గోల్డ్ కన్నా ఆ నిర్ణయమే ఇష్టం. నువ్వు పాత చోట పనికిరావు అని కూర్చోబెట్టలేదు, నీకు ఇంకో చోట పనుంది రా అన్నాడు. నీ లెఫ్ట్ బ్యాక్ స్పీడున్నోడే కదా, వెనక్కి తిరిగి పరిగెత్తేటప్పుడే కంగారు పడతాడు. వాణ్ణి ఒక మ్యాచ్ ముందుకి, పక్క లైన్ వెంబడి వింగ్ లో ఆడించి చూసావా? ఊరికే అడుగుతున్నా.

కీపర్ సంగతి మాత్రం వేరు, జాగ్రత్త. ఫార్వర్డ్ నాలుగు మిస్ చేసినా సాయంత్రానికి ఎవడికీ గుర్తుండదు, కీపర్ చేతిలోంచి ఒకటి జారితే ఊరంతా చూస్తుంది. 2014లోనే నెదర్లాండ్స్ కోచ్ వాన్ గాల్ కోస్టారికా మీద షూటౌట్ కి ఒక్క నిమిషం ముందు కీపర్ సిల్లెసెన్ ని తీసి టిమ్ క్రూల్ ని పెట్టాడు. క్రూల్ రెండు ఆపాడు, గెలిచారు, ప్రపంచమంతా ఆహా ఏం బుర్ర అంది. సిల్లెసెన్ కి మాత్రం ముందు చెప్పలేదు, పాపం బయటికొచ్చి కోపంతో బాటిల్ తన్నాడు. తర్వాత మ్యాచ్ అర్జెంటీనాతో, మళ్ళీ షూటౌటే, సబ్ స్టిట్యూషన్లు అయిపోయాయి, ఆ సిల్లెసెనే నిలబడాల్సొచ్చింది, ఒక్కటీ ఆపలేదు. మొన్న చెప్పకుండా తీసేసినందుకే ఆపలేదని నేననను, అది అతనికే తెలియాలి. కానీ ఇవాళ పక్కకి నెట్టినోడితో రేపు పని పడుతుంది, బొబ్బిలి లాంటి ఊళ్ళో నీకు రెండో కీపరైనా సరిగ్గా ఉన్నాడా? లేడు. మరి ఎవరి కోసం పీకుతున్నావు.

ఆ వీడియో సంగతొకటి. కీపర్ కాళ్ళ సందులోంచి బంతి వెళ్ళినది ఎవడో తీసి గ్రూపులో పెట్టాడన్నావు, నవ్వే బొమ్మలు పెట్టారన్నావు. డిలీట్ చేయించు, కానీ అందర్నీ నిలబెట్టి క్లాసు పీకకు, పెట్టినోణ్ణి పిలిచి పది నిమిషాలు గోల్ లో నిలబెట్టి నువ్వే షాట్లు కొట్టు. చాలు.

ఇంక ఆ సిఫార్సు కుర్రాడు. పేరొద్దు, ఎవరి తాలూకో నాకూ తెలుసు. వాడు వచ్చి చేరిన వారానికే స్టార్టింగ్ లో వేసావు, అక్కణ్ణించే గొడవ మొదలైందని నాకనిపిస్తోంది. మీ విజయనగరం వాళ్ళకి నేను చెప్పాలా, 1936లో మన విజయనగరం మహారాజకుమార్ విజ్జీ ఇంగ్లండ్ టూర్ కి ఇండియా క్రికెట్ కెప్టెన్ గా వెళ్ళారు, మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసింది 33 పరుగులు, మంచి ఫామ్ లో ఉన్న లాలా అమర్ నాథ్ ని మధ్యలోనే ఓడెక్కించి ఇంటికి పంపించేసారు, సిరీస్ 2-0 పోయింది. ఆటగాళ్ళకి ఎవడు ఆటతో వచ్చాడో ఎవడు పేరుతో వచ్చాడో తెలీదనుకోకు, అందరికంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది. ఆ గుంటణ్ణి తిట్టాల్సిన పని లేదు, వాడి తప్పేముంది. బెంచీ మీంచి మొదలెట్టించు, అందరిలాగే కోన్లు మొయ్యమను, వాళ్ళ పెద్దాయన ఫోన్ చేస్తే మా మావయ్య చెప్పాడండీ అని నా మీదకి తోసెయ్.

రేపు ప్రాక్టీస్ లో పది రౌండ్లు పరిగెట్టించి కసి తీర్చుకోకు, ఓడిపోయినందుకు పరుగు అయితే పరుగంటేనే అసహ్యం పుడుతుంది. మ్యాచ్ గురించి మాట్లాడకు కూడా. చిన్న చిన్న గోల్స్ పెట్టి నలుగురు నలుగురిని చేసి ఆడించు, మాట్లాడుకోని ఇద్దర్నీ ఒకే జట్టులో పడెయ్, కీపర్ని గోల్ లో కాకుండా బయట ఆడనీ, నవ్వుకుంటారు. అయ్యాక పకోడీలు తెప్పించు, డబ్బులు లేవంటే ఫోన్ పే చేస్తాను. రెండో రోజు అడుగు, తప్పెవరిదని కాదు, మూడో గోల్ పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు అని ఒక్కొక్కణ్ణీ అడుగు, నీతో మొదలెట్టి. నువ్వు హాఫ్ టైమ్ లో ఏం మార్చకుండా అరిచావు కదా, అది ముందు ఒప్పుకో. కెప్టెన్ని ఇప్పుడు మార్చకు. ఫ్రెండ్లీ మ్యాచ్ కావాలంటే మరీ తేలిక టీమ్ ని పిలవకు, పది గోల్స్ కొట్టినా వాళ్ళకి అది ఎందుకు పెట్టావో తెలిసిపోతుంది.

నేను ఆదివారం పొద్దున్న బస్సుకి బయల్దేరతాను, పదిలోపు బొబ్బిలిలో ఉంటా. మీ అత్త చేగోడీలు పంపిస్తోంది, పిల్లలకే, నీకు కాదు. ఈలోగా శుక్రవారం లిస్టు బోర్డు మీద పెట్టకు. ముందు ఆ లెఫ్ట్ బ్యాక్ వాళ్ళింటికెళ్ళు, బయటికి పిలిచి మాట్లాడు, వాళ్ళమ్మ ముందు వద్దు. ఏం చెప్పాలో తెలీకపోతే తీసేస్తున్నాను, ఇందుకు తీసేస్తున్నాను, మళ్ళీ ఇది చేస్తే తీసుకుంటాను అని మూడు ముక్కలు చెప్పు. వాడు ఏమన్నాడో నాకు రాత్రికి ఫోన్ చెయ్యి.

మీ మావయ్య
శ్రీకాకుళం