ప్యాకెట్ ఎక్కడ ఆగింది?

చిరంజీవి అమ్మలుకు, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లినక్స్ ఉన్న కంప్యూటర్‌కు నెట్ బాగానే వస్తోంది, దాని వెనక పెట్టిన రెండు కంప్యూటర్లకు మాత్రం రావడం లేదు. దీని కోసం మూడు రోజుల్లో, ఏ రాకపోకలను వదలాలో, ఏవి ఆపాలో చెప్పే ఫైర్‌వాల్ నియమాలు నాలుగుసార్లు చెరిపి రాశావు, నెట్‌వర్క్ కార్డు మార్చావు, చివరికి లినక్స్‌నే మళ్లీ ఎక్కించావు. నీ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. కానీ ఆ ఉత్తరంలో నేను వెతికిన మాట ఒక్కటి కనిపించలేదు. ప్యాకెట్, అంటే నెట్ మీద వెళ్లే సమాచారపు చిన్న ముక్క, ఎక్కడిదాకా వెళ్లింది? అది తెలియకుండా ఎన్ని మార్చినా చీకట్లో సూది వెతికినట్టే. పైగా ప్రతి మార్పూ ఇంకో కొత్త తప్పును తెచ్చిపెట్టి ఉండవచ్చు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా దేన్నీ ముట్టుకోకు.

నీ లినక్స్ కంప్యూటర్‌లా గేట్‌వేగా, అంటే మిగతావాటికి నెట్ అందించే దారిగా, పెట్టిన కంప్యూటర్ చేసే పని మూడు ముక్కల్లో ఉంటుంది. వెనక ఉన్న కంప్యూటర్ల వైపు లోపలి కార్డు మీద వచ్చిన ప్యాకెట్‌ను మోడెం వైపు బయటి కార్డుకు అందించాలి, దీన్నే ఫార్వర్డింగ్ అంటారు. అలా పంపేటప్పుడు దాని మీద ఉన్న లోపలి చిరునామాను తీసి తన చిరునామా వెయ్యాలి. తిరిగి వచ్చిన జవాబు ఎవరిదో గుర్తుపట్టి లోపలికి చేర్చాలి. రెండో ముక్కను మాస్కరేడ్ అంటారు. 192.168తో, 10తో మొదలయ్యే చిరునామాలను, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవాటిని సొంత వాడకానికి కేటాయిస్తూ 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ పత్రం వచ్చింది. లోకంలో లక్షల ఇళ్లలో అవే చిరునామాలు ఉంటాయి కాబట్టి, బయటి నుంచి వాటికి జవాబు తిరిగి వచ్చే దారి లేదు. చాలామంది ప్యాకెట్ బయటికి వెళ్లడం గురించే ఆలోచిస్తారు, తిరుగు ప్రయాణాన్ని మరిచిపోతారు. నేను చూసిన తప్పుల్లో చాలావరకు ఆ తిరుగు దారిలోనే దొరికాయి.

లోపలి కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టు. దానికి 169.254తో మొదలయ్యే చిరునామా ఉందంటే చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబే రాలేదని అర్థం. అప్పుడు కేబుల్ చూడు, కార్డు దగ్గర దీపం వెలుగుతోందో లేదో చూడు, గేట్‌వే ఫైర్‌వాల్‌లో డీహెచ్‌సీపీ వినే యూడీపీ 67 పోర్టు తెరిచి ఉందో చూడు. చిరునామా సరిగ్గా ఉంటే గేట్‌వే లోపలి చిరునామాకు పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) చెయ్యి, తర్వాత బయటి చిరునామాకు, తర్వాత మోడెంకు, ఆ తర్వాత బయటి నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు.

ఇక్కడ జాగ్రత్తగా చదువు. గేట్‌వే బయటి చిరునామా నుంచి పింగ్‌కు జవాబు రాగానే ప్యాకెట్ అవతలికి దాటుతోందని నమ్ముతారు. అది నిజం కాదు. లినక్స్ తన చిరునామాల్లో దేనికి పింగ్ వచ్చినా, ఏ కార్డు మీద వచ్చినా జవాబిస్తుంది. ఫార్వర్డింగ్ పూర్తిగా ఆపేసి ఉన్నా ఆ జవాబు వస్తుంది. లోపలి కంప్యూటర్‌లో గేట్‌వే చిరునామా సరిగ్గా ఇచ్చావని మాత్రమే దానివల్ల తెలుస్తుంది. ఫార్వర్డింగ్‌కు అసలు పరీక్ష ఆ తర్వాతి మెట్టు, మోడెంకు పింగ్.

ఆ మెట్టు దగ్గర ఆగితే ముందు ఐపీ ఫార్వర్డ్ విలువ చూడు. లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో అది మామూలుగా 0 ఉంటుంది, 1 కావాలి. సిస్‌సీటీఎల్ అనే ఆదేశంతో 1 చేస్తే వెంటనే పనిచేస్తుంది గానీ, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టగానే మొదటికి వస్తుంది. ఈటీసీ కింద సిస్‌సీటీఎల్ డాట్ డీ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి అందులో రాస్తేనే నిలుస్తుంది. నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయడం లేదు అన్నచోట మొదట అనుమానించవలసింది దీన్నే.

అసలైన సాధనం, కార్డు మీద వచ్చిపోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్. దీన్ని నేర్చుకో తల్లీ, మిగతావన్నీ తర్వాత. గేట్‌వేలో రెండు టెర్మినల్ కిటికీలు పక్కపక్కన తెరువు. ఒకదానిలో లోపలి కార్డు మీద, రెండోదానిలో బయటి కార్డు మీద టీసీపీడంప్ నడుపు. పింగ్ వాడే ఐసీఎంపీ మాత్రమే చూపించమను. మైనస్ ఎన్ అని చేర్చు, అప్పుడు పేర్ల కోసం వెతక్కుండా అంకెలే చూపిస్తుంది. ఇప్పుడు లోపలి కంప్యూటర్ నుంచి 8.8.8.8కు పింగ్ పెట్టి ఆ రెండు కిటికీలనూ చూస్తూ కూర్చో.

లోపలి కంప్యూటర్ చిరునామా 192.168.50.20 అనుకుందాం. లోపలి కిటికీలో ఏ వరుసా రాకపోతే, ప్యాకెట్ గేట్‌వే దాకా రానేలేదు. లోపలి కిటికీలో వచ్చి బయటి కిటికీ ఖాళీగా ఉంటే, ఫార్వర్డింగ్ ఆగి ఉంది, లేదా ఫైర్‌వాల్‌లో ఫార్వర్డ్ అనే వరుస, అంటే దాటే ప్యాకెట్లకు వర్తించే నియమాల జాబితా, దాన్ని పారేస్తోంది. బయటి కిటికీలో కూడా వచ్చింది కానీ పంపినవారి చోట ఇంకా 192.168.50.20 అనే ఉంది అనుకో. అప్పుడు మాస్కరేడ్ నియమం లేదు, లేదా వేరే కార్డు పేరు మీద రాసి ఉంది. పంపినవారి చోట గేట్‌వే బయటి చిరునామా ఉంది, దాని కిందే జవాబు కూడా వచ్చింది, కానీ లోపలి కిటికీలో ఆ జవాబు కనిపించలేదు అనుకో. అప్పుడు ఇప్పటికే మొదలైన సంభాషణలకు తిరుగు దారి ఇచ్చే నియమం, అంటే ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ అని ఉండేది, ఫార్వర్డ్ వరుసలో లేదన్నమాట. ప్యాకెట్ సరైన చిరునామాతో వెళ్లినా బయటి నుంచి జవాబే రాకపోతే తప్పు నీ గేట్‌వే నియమాల్లో లేదు, మోడెం వైపు చూడు. మూడు రోజుల్లో దొరకనిది ఈ రెండు కిటికీల్లో మూడు నిమిషాల్లో కనిపిస్తుంది.

ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. అడ్రసు మార్చే నియమాలను కెర్నెల్ ప్రతి సంభాషణలో మొదటి ప్యాకెట్‌కే చూస్తుంది, తర్వాతివాటికి ఆ నిర్ణయాన్నే గుర్తుంచుకుని వాడుతుంది. అందుకని పింగ్ నడుస్తుండగా మాస్కరేడ్ నియమం చేర్చితే అది ఆ పింగ్‌కు వర్తించకపోవచ్చు. నియమం సరిగ్గా రాసి కూడా పనిచేయలేదనుకుని చెరిపేసేవాళ్లను చూశాను. నియమం మార్చిన ప్రతిసారీ పింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టు.

నాకూ ఇలాంటి దెబ్బ తగిలింది. లినక్స్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన రోజు నుంచి ఇంట్లో నెట్ పంపిణీ ఆగిపోయింది. నియమాలు ఒక్క అక్షరం మారలేదు, ఎక్కడా తప్పు సందేశం లేదు. రెండు రాత్రుల తర్వాత నియమాల జాబితాను లెక్కలతో సహా తెరిచి చూస్తే, మాస్కరేడ్ నియమం పక్కన ప్యాకెట్ల సంఖ్య 0. అంటే దాని దగ్గరికి ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. నియమంలో కార్డు పేరు ఎత్0 అని ఉంది, కార్డు పేరేమో ఈఎన్‌పీ3ఎస్0 అయిపోయింది. లినక్స్‌లో సేవలను నడిపించే సిస్టమ్‌డీ 2013లో 197వ వెర్షన్‌తో తెచ్చిన కొత్త పేర్ల పద్ధతి అది. ఫైర్‌వాల్ నియమాలు రాసే ఐపీ టేబుల్స్‌లో, లేని కార్డు పేరు రాసినా అది అభ్యంతరం చెప్పదు, మౌనంగా తీసుకుంటుంది. అప్పటినుంచి నియమాన్ని చదవడానికి ముందు దాని పక్కన ఉన్న సంఖ్యను చదువుతున్నాను.

ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ పెట్టుకున్నానని రాశావు. అది ఫార్వర్డ్ వరుసకు డ్రాప్ (పారేయి) అనే విధానాన్ని తానే పెట్టగలదు. నువ్వు రాయని అడ్డు అలా వచ్చి కూర్చుంటుంది, కాబట్టి ఆ వరుస పైన ఏమి రాసి ఉందో తప్పక చూడు. నెట్‌వర్క్ మేనేజర్‌లో ఇతర కంప్యూటర్లతో పంచుకునే ఏర్పాటును ఎంచుకున్నావా అన్నది నీ ఉత్తరంలో స్పష్టంగా లేదు. లోపలి కార్డుకు 10.42.0.1 వచ్చి ఉంటే ఎంచుకున్నట్టే. అది డీహెచ్‌సీపీ, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్, మాస్కరేడ్ అన్నీ తానే చూసుకుంటుంది. దాని మీద మళ్లీ నీ సొంత నియమాలు, డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్ చూసే సొంత డీఎన్‌ఎస్‌మాస్క్ పెట్టకు. రెండింటిలో ఒకటే ఉండనీ. నా మట్టుకు నేను సొంతంగా రాసుకోవడాన్నే ఇష్టపడతాను, ఏది ఎక్కడ ఉందో తెలుస్తుంది.

ఐపీ రూట్ అని కొట్టి దారుల జాబితా కూడా చూడు. మోడెం 192.168.1 వరుసలో చిరునామాలు ఇస్తూ, లోపల కూడా నువ్వు అదే వరుస పెడితే గేట్‌వేకు ఏది లోపల, ఏది బయట అన్నది తెలియదు. లోపల వేరే వరుస పెట్టు. జాబితాలో డిఫాల్ట్ అనే దారి ఒక్కటే, బయటి కార్డు మీదే ఉండాలి. లోపలి కార్డుకు గేట్‌వే చిరునామా ఇచ్చే గడిని ఖాళీగా వదిలెయ్యి.

8.8.8.8 పలుకుతోంది గానీ పేరుతో ఏ పేజీ తెరుచుకోవడం లేదంటే అది డీఎన్‌ఎస్ సంగతి, నియమాల జోలికి పోవద్దు. గేట్‌వేలో ఉన్న 127.0.0.53 అనే చిరునామాను చూసి లోపలి కంప్యూటర్లలో కూడా అదే రాసేవాళ్లున్నారు. 127తో మొదలయ్యేది ఏ కంప్యూటర్‌లో రాస్తే ఆ కంప్యూటర్‌కే చెందుతుంది, బయటికి పోదు. గేట్‌వేలో డీఎన్‌ఎస్‌మాస్క్ నడపాలంటే 53వ పోర్టు దగ్గర డీఎన్‌ఎస్ పనే చేసే సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ ముందే కూర్చుని ఉండవచ్చు. అందుకని డీఎన్‌ఎస్‌మాస్క్‌లో లోపలి కార్డు పేరు ఇచ్చి, బైండ్ ఇంటర్‌ఫేసెస్ అనే వరుస చేర్చు.

పింగ్ బాగుండి, చిన్న పేజీలు తెరుచుకుని, పెద్దవి సగంలో నిలిచిపోతుంటే ఎంటీయూని, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని, అనుమానించు. పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ కనెక్షన్‌లో ప్యాకెట్ పరిమాణం 1500 బదులు మామూలుగా 1492 బైట్లే. లోపలి కంప్యూటర్ నుంచి, ముక్కలు చేయవద్దని చెప్పి 1472 బైట్లతో పింగ్ చెయ్యి, తర్వాత 1464తో. శీర్షిక 28 బైట్లు కలిపితే అవి 1500, 1492 అవుతాయి. మొదటిది ఆగి రెండోది వెళితే, ఫార్వర్డ్ వరుసలో టీసీపీ ఎంఎస్‌ఎస్‌ను, అంటే ఒక ప్యాకెట్‌లో పట్టే సమాచారపు పరిమితిని, దారికి తగ్గట్టు కుదించే నియమం చేర్చు.

పరీక్ష కోసం ఫైర్‌వాల్ మొత్తం తీసేశానని రాశావు, అది చదివి కలవరపడ్డాను. బయటి కార్డు మీద వచ్చే కొత్త కనెక్షన్లను ఆపే నియమాన్ని ఇవాళే తిరిగి పెట్టు. పరీక్షకు అది అడ్డు రాదు, ఎందుకంటే గేట్‌వే గుండా దాటే ప్యాకెట్లు, గేట్‌వేకే వచ్చేవాటి కోసం ఉన్న ఇన్‌పుట్ వరుసలోకి రావు.

తర్వాత ఆ రెండు కిటికీలు తెరిచి, ఒక్క పింగ్ పెట్టి, కనిపించిన వరుసలను ఉన్నవి ఉన్నట్టు నాకు రాసి పంపు. నీకు అర్థమైనవీ, కానివీ అన్నీ. ఐపీ రూట్ జాబితాను కూడా జతచెయ్యి.

ఇట్లు,
నీ పెదనాన్న