పేరును కాదు, మనిషిని వెతకండి
పాత ఇళ్ళు, పాత కాగితాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మేము ఇంగ్లండ్‌లో, సఫోక్ కౌంటీలోని ఒక చిన్న పల్లెలో పాత ఇల్లు కొనుక్కుని మూడేళ్ళయింది. గేటు మీద ‘ఓల్డ్ ప్లౌ’ అని ఉంటుంది. ఒకప్పుడు ఇది పబ్ అనీ, వాళ్ళ తాతగారు రోజూ సాయంత్రం ఇక్కడే కూర్చునేవారనీ పక్కింటి పెద్దావిడ చెబుతారు. ఆవిడకి ఎనభై అయిదు దాటాయి. ఇంటి ముందు గోడకి రెండు తలుపులు ఉండేవి, ఒకటి ఇటుకలతో మూసేశారు. దాని పైన లావుపాటి ఇనుప కొక్కెం ఒకటి మిగిలింది. కింద చిన్న నేలమాళిగ ఉంది. కానీ ఊరి పాత పబ్బుల జాబితా చూస్తే ‘ప్లౌ’ అనే పేరే లేదు. 1881 సెన్సస్‌లో ఈ ఇంటికున్న పేరు పెట్టి వెతికాను, అక్కడా లేదు. మావారు వదిలెయ్యమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?
(ఒక పాఠకురాలు, సఫోక్)

జవాబు: అమ్మా, వదిలెయ్యకండి. మీ చేతిలో ఇప్పటికే చాలా ఉంది. కొక్కెం, మూసేసిన తలుపు, నేలమాళిగ, వీటన్నిటికీ మించి పక్కింటి పెద్దావిడ.

ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ రికార్డాఫీసు చదువుగదిలో నేను ఇరవై రెండేళ్ళు పనిచేశాను. పోయిన పబ్ కోసం వచ్చేవాళ్ళు దాదాపు అందరూ మీలాగే పేరు చెప్పి అడిగేవారు. పేరు పట్టుకుని వెతికితే సగంమందికి ఏమీ దొరకదు. కారణం వాళ్ళ వెతుకులాటలో లేదు, 1830 నాటి ఒక చట్టంలో ఉంది.

అంతకు ముందు, అంటే 1552 నుంచీ, బీరు అమ్మాలంటే ఊరి మేజిస్ట్రేట్ల దగ్గర లైసెన్స్ తీసుకోవాలి, సత్ప్రవర్తనకి పూచీకత్తు రాసివ్వాలి. 1753 చట్టం వచ్చాక ఈ పూచీకత్తుల వివరాలు ఒక రిజిస్టరులో ఎక్కించడం తప్పనిసరి అయింది. అవి క్వార్టర్ సెషన్స్, అంటే ఏడాదికి నాలుగుసార్లు కూర్చునే కౌంటీ కోర్టు, కాగితాల్లో ఉంటాయి. అమ్మేవాడి పేరు, ఊరు, పూచీ పడ్డవాడి పేరు దొరుకుతాయి. అదృష్టం ఉంటే పబ్ పేరూ దొరుకుతుంది. 1828లో మరో చట్టం ఈ పూచీకత్తుల పద్ధతిని ఎత్తేసింది. రెండేళ్ళకి, 1830లో, బీర్‌హౌస్ చట్టం వచ్చింది. ఇంటిపన్ను కట్టే ఎవరైనా సరే ఎక్సైజు వాళ్ళకి రెండు గినీలు (ఆనాటి రెండు పౌండ్ల పైచిలుకు) కట్టి తన ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు, మేజిస్ట్రేటు ముఖం చూడనక్కర్లేదు. జిన్, బ్రాందీ, వైన్ మాత్రం అమ్మకూడదు. వడ్రంగులు, కమ్మరులు, చిన్న రైతులు, భర్త పోయిన ఆడవాళ్ళు తమ ముందుగదిలో రెండు బల్లలు వేసి అమ్మకం మొదలుపెట్టారు. ఆ ఎక్సైజు లైసెన్సుల కాగితాలు చాలావరకు మిగల్లేదు. 1869లో బీర్‌హౌస్‌లు మళ్ళీ మేజిస్ట్రేట్ల కిందికి వచ్చాయి. మధ్యలోని ఆ దాదాపు నలభై ఏళ్ళే మనల్ని ఏడిపించేవి.

మీ ఇల్లు అలాంటి బీర్‌హౌస్ అయి ఉంటుందని నా ఊహ. వాటిలో చాలావాటికి మొదట్లో పేరే లేదు. మన పల్లెల్లో కల్లుపాకకి బోర్డుంటుందా? ఫలానా ఆయన పాక అంటాం, అంతే. ఇక్కడా అంతే. 1844లో వైట్ ప్రచురించిన సఫోక్ డైరెక్టరీ (ఊరూరా వ్యాపారుల పేర్లిచ్చే పుస్తకం) తీసి మీ ఊరి పేజీ చూడండి. పెద్ద పబ్బులకి పేర్లుంటాయి. కింద ‘బీర్‌హౌస్’ అనో ‘బీర్ రిటెయిలర్’ అనో రాసి మనిషి పేరు ఒక్కటే ఇస్తారు. తర్వాతి కెల్లీ డైరెక్టరీల్లోనూ ఇదే వరస. ఇలాంటి డైరెక్టరీలు చాలావాటిని లెస్టర్ యూనివర్సిటీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. కాబట్టి పేరును పక్కన పెట్టి మనిషిని పట్టుకోండి. ఒక్క మనిషి దొరికితే అతనికి ముందు ఎవరు, తర్వాత ఎవరు అన్నది దారంలా వస్తుంది.

ఆ మొదటి మనిషి కోసం నేనైతే 1910కి వెళ్తాను. ఆనాటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ బడ్జెట్‌లో భూమి విలువ మీద పన్ను పెట్టాలని దేశంలోని ప్రతి ఇంటినీ, పొలాన్నీ కొలిచి విలువ కట్టారు. పన్ను తర్వాత పోయింది, పుస్తకాలు మిగిలాయి. లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో అవి ఐఆర్ 58 అనే వరసలో ఉన్నాయి. వాటితోపాటు వచ్చే మ్యాపులు ఐఆర్ 121 నుంచి 135 దాకా. ముందు మ్యాపులో మీ ఇంటి మీద ఎర్ర సిరాతో వేసిన నెంబరు పట్టుకోవాలి, ఆ నెంబరుతో పుస్తకం అడగాలి. తిరగేసి చేస్తే రోజంతా పోతుంది, ఇది నేను ఎంతోమందికి చెప్పిన మాట. ఇంటి యజమాని ఎవరు, ఉంటున్నదెవరు, గదులెన్ని, పశువులకొట్టం ఉందా, ఇంటి పరిస్థితి ఏమిటి అన్నవి ఆ పేజీల్లో ఉంటాయి. యజమాని గడిలో ఒక బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే కంపెనీ, పేరు కనిపించిందంటే ఇంక సందేహం లేదు. సఫోక్‌లో అయితే గ్రీన్ కింగ్, ఆడ్నమ్స్, కోబోల్డ్ లాంటి పేర్లు రావచ్చు.

ఇప్పుడు పెద్దావిడ మాట. ఆవిడ తాతగారు తాగేవారంటే అది బహుశా మొదటి ప్రపంచయుద్ధానికి అటూ ఇటూ. ఆవిడ తన కళ్ళతో పబ్‌ని చూశానని చెప్పలేదు, గమనించారా? అంటే ఆవిడ పుట్టేనాటికే మూతపడి ఉండవచ్చు. నాకు వెంటనే 1904 లైసెన్సింగ్ చట్టం గుర్తొచ్చింది. ఊరికి అక్కర్లేనన్ని పబ్బులున్నాయని మేజిస్ట్రేట్లు అనుకుంటే, తప్పేమీ చెయ్యకపోయినా ఒకదాన్ని మూయించి నష్టపరిహారం ఇప్పించవచ్చు. ఆ డబ్బు మిగతా లైసెన్సుదారుల దగ్గర వసూలు చేసిన నిధిలోంచి వచ్చేది. అలా వేలకొద్దీ చిన్న పబ్బులు పోయాయి. ఒక్కోదాని ఫైలు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. పోలీసు వచ్చి పక్క పబ్ ఎన్ని గజాల దూరమో, గుర్రాలు కట్టేసే చోటుందో లేదో, ఏడాదికి ఎన్ని పీపాల బీరు పోయిందో చెబుతాడు. పరిహారంలో పెద్ద వాటా ఇంటి యజమానికి, అంటే చాలాసార్లు బ్రూవరీకి. అక్కడే ఏళ్ళ తరబడి బతికిన కుటుంబానికి మిగిలింది కొంచెం. ఈ విచారణలు స్థానిక పత్రికల్లో దాదాపు మాటకి మాట వచ్చేవి. సఫోక్‌కి ఒక మెలిక ఉంది. 1889 నుంచి 1974 దాకా ఈస్ట్ సఫోక్, వెస్ట్ సఫోక్ అని రెండు వేర్వేరు కౌంటీలు. మీ పల్లె ఏ వైపుదో తెలుసుకుని ఆ వైపు కాగితాలే అడగండి.

సెన్సస్ సంగతి. 1881లో ఇంటికున్న పేరుతో వెతికి నిరాశపడ్డారు. పల్లెల్లో లెక్కలవాళ్ళు చాలాసార్లు ఇంటికున్న పేరు రాయలేదు, వీధి పేరు లేదా ఊరి పేరు రాసి ఊరుకున్నారు. ఎడమ పక్కన కనిపించేది ఇంటి నెంబరు కాదు, షెడ్యూల్ (లెక్కల ఫారం) నెంబరు. ప్రతి సెన్సస్‌కీ అది మారిపోతుంది. అందుకని ఊరంతా చదవండి. చిన్న పల్లె అయితే ఇరవై, ముప్పై పేజీలు, ఒక ఆదివారం సరిపోతుంది. లెక్కలవాడు ఏ దారిన నడిచాడో మొదటి పేజీలో రాసి ఉంటుంది. చర్చి పూజారి ఇల్లు, కమ్మరి కొలిమి, బడి, మిల్లు ఇవి కదలని గుర్తులు. వాటి మధ్య మీ ఇల్లు ఎక్కడ పడుతుందో చూడండి. వృత్తి గడిలో ‘బీర్ సెల్లర్’, ‘విక్చువలర్’ (పబ్ నడిపేవాడు) లాంటివి వెతకండి. కానీ ‘చక్రాలు చేసే వడ్రంగి’ అని మాత్రమే రాసినా కొట్టిపారెయ్యకండి. బీరు వ్యాపారం ఒక్కదాని మీదే బతికిన కుటుంబాలు పల్లెల్లో తక్కువ. పగలు భర్త బండిచక్రాలు చేసేవాడు, పీపా దగ్గర భార్య నిలబడేది. ఆవిడ గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. ఆయన పోయాక వచ్చే సెన్సస్‌లో అదే ఆవిడ పేరు పక్కన ‘బీర్‌హౌస్ కీపర్’ అని కనిపిస్తుంది. అలా ఖాళీ గడి నిండినప్పుడల్లా నాకు ఏదో అన్యాయం కొంత సరయినట్టు అనిపించేది.

1911కి వస్తే, లెక్కలవాళ్ళు వేరుగా రాసుకున్న సారాంశపు పుస్తకాలు చూడండి. అందులో కట్టడం ఇల్లా, దుకాణమా, పబ్బా అని ఒక గడి ఉంది. చాలామందికి ఆ పుస్తకం ఉందనే తెలియదు. 1921 కూడా చూడొచ్చు. 1931 కాగితాలు 1942లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తియ్యలేదు. ఆ ఖాళీలో మనకి దిక్కు 1939 సెప్టెంబర్ 29న తీసిన జనాభా రిజిస్టర్. అప్పటికి మీ ఇంట్లో పొలం కూలీ కుటుంబం ఉందనుకోండి, పబ్ అప్పటికే పోయిందన్నమాట.

మ్యాపులు మరిచిపోకండి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైటులో ఇంగ్లండ్ పాత ఆర్డినెన్స్ సర్వే (ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులు కూడా ఉచితం. మైలుకి 25 అంగుళాల కొలత ఉన్నవి తియ్యండి, ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకోవచ్చు. మీ ఇంటి మీద ‘పి.హెచ్.’ అని ఉంటే పబ్లిక్ హౌస్, ‘బి.హెచ్.’ అని ఉంటే బీర్‌హౌస్. ఏమీ లేకపోయినా కుంగిపోవద్దు, సర్వేవాళ్ళు చిన్నవాటిని వదిలేసేవారు. ఇంకా వెనక్కి పోవాలంటే 1836 చట్టం కింద గీసిన టైత్ (చర్చికి కట్టే పదోవంతు పన్ను) మ్యాపులున్నాయి. అందులో మీ స్థలం నెంబరు పట్టుకుంటే యజమాని, కాపురమున్నవాడు, ‘బీర్‌హౌసూ తోటా’ అన్న వివరణ ఒకే వరసలో దొరకవచ్చు.

పాత పత్రికలు చివర్లో చూడండి, మనిషి పేరు చేతికొచ్చాక. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో ‘ప్లౌ’ అని కొడితే నాగళ్ళ ప్రకటనలే వేలల్లో వస్తాయి. మనిషి పేరూ ఊరి పేరూ కలిపి కొట్టండి. ఆ రోజుల్లో అనుమానాస్పద మరణాల విచారణ పబ్ గదుల్లోనే జరిగేది, వేలాలూ అక్కడే. కేంబ్రిడ్జిషైర్‌లో నేను అద్దెకున్న ఇంటి గురించి నాకు దొరికిన మొదటి ముక్క అలాంటిదే. గుర్రం తన్ని చనిపోయిన ఒక బండివాడి విచారణ మా భోజనాల గదిలో జరిగిందని నాలుగు లైన్ల వార్త. ఆ రాత్రి ఆ గదిలో చాలాసేపు కూర్చుండిపోయాను.

మీ గేటు మీది పేరు గురించి ఒక అనుమానం చెప్పి ముగిస్తాను. ‘ఓల్డ్ ప్లౌ’ అని పెట్టింది మీకు ముందున్న యజమానుల్లో ఎవరో కావచ్చు. జాబితాలో ఆ పేరు లేకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఇంటి దస్తావేజులు మీ లాయరు దగ్గరుంటే తెప్పించి చూడండి. ముందుగా, ఈ ఆదివారమే, పక్కింటి పెద్దావిడ దగ్గర కూర్చోండి. తాతగారి పేరేమిటి, ఏ తలుపు గుండా లోపలికి వచ్చేవారు, అమ్మే ఆవిణ్ణి ఏమని పిలిచేవారు అని అడగండి. కాగితాలు రికార్డాఫీసులో ఇంకో యాభై ఏళ్ళయినా ఉంటాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఉండే ఊళ్ళో ‘రాయల్ ఓక్’ అనే పబ్ గోడ మీద 1540 అని చెక్కి ఉంది. అప్పటి నుంచీ అదే పేరుతో నడుస్తోందని ఊరివాళ్ళంటారు. నిజమేనా?

జవాబు: కట్టడం 1540 నాటిది కావచ్చు, పేరు మాత్రం కాదు. 1651 సెప్టెంబర్ 3న వూస్టర్ యుద్ధంలో ఓడిపోయిన రెండో చార్ల్స్, ష్రాప్‌షైర్‌లోని బాస్కొబెల్ దగ్గర ఒక ఓక్ చెట్టెక్కి దాక్కున్నాడు. 1660లో తిరిగి సింహాసనమెక్కాక ఆ చెట్టు పబ్ బోర్డుల మీదికి వచ్చింది. పేర్లతో ఇలా కాలం పట్టుకోవచ్చు, కానీ ‘ఇంతకంటే ముందు కాదు’ అన్నంతవరకే. నౌకాసేనాని నెల్సన్ పేరున్న పబ్ ఆయన పేరు మోగిన తర్వాతదే, అయితే అదే పబ్ అంతకు ముందు ఇంకో పేరుతో ఉండి ఉండవచ్చు. గోడ వయసు తెలియాలంటే పాత కట్టడాల సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ వాళ్ళ జాబితాలో ఆ కట్టడం ఉందేమో చూడమనండి. ఉంటే దూలాలు, పొగగూడు చూసి నిపుణులు రాసిన వివరణ ఉంటుంది.

ప్రశ్న: మా ఇల్లు పాత పబ్. నేలమాళిగ నుంచి చర్చికి సొరంగం ఉందని అందరూ అంటారు. తవ్వించాలా?

జవాబు: తవ్వించకండి. నేను చూసిన ‘సొరంగాలు’ అన్నీ మురుగుకాలవలో, పీపాలు దొర్లించే వాలుదారులో, చల్లదనం కోసం గోడలోకి తొలిచిన గూళ్ళో. మీ గోడలో కమాను ఆకారం కనిపిస్తుంటే ఫోటో తీసి, కొలతలు రాసి, అది వీధి వైపుందో తోట వైపుందో చెప్పి నాకు పంపండి. వీధి వైపుంటే దాదాపుగా అది పీపాలు దింపిన దారే.