మోటారుసైకిల్‌కు దారి చూపే ఫోను: పాఠకుల సందేహాలు

ప్రశ్న: కార్తీకమాసంలో గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలానికి నా 150 సీసీ మోటారుసైకిల్‌పై వెళ్లాలనుకుంటున్నాను. పిల్లలు ఆన్‌లైన్ క్లాసులకు వాడి పక్కన పడేసిన 8 అంగుళాల ట్యాబ్ ఇంట్లో ఉంది. దానికి సిమ్ వేసే వీలు లేదు. దాన్ని హ్యాండిల్‌కు బిగించుకుంటే మ్యాపు పెద్దగా కనబడుతుందని నా ఆలోచన. నా ఫోను ఐఫోన్. దాన్ని బండికి తగిలిస్తే కెమెరా పాడవుతుందని మిత్రుడొకరు అంటున్నారు. ఏది వాడమంటారు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ట్యాబ్ సంగతి చూద్దాం. సిమ్ లేని ట్యాబ్‌లలో చాలావాటికి, ఉపగ్రహాల సంకేతాలతో మనమున్న చోటును కనిపెట్టే జీపీఎస్ రిసీవరే ఉండదు. ఐప్యాడ్‌ల విషయంలో ఇది ఖాయం: వైఫై మాత్రమే ఉన్న మోడళ్లలో జీపీఎస్ పెట్టరు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో మోడల్‌ను బట్టి మారుతుంది. రిసీవర్ లేకపోయినా ఇంట్లో తెరిచినప్పుడు బ్రాడీపేటలో మీరున్న లైనునూ అడ్డరోడ్డునూ సరిగ్గానే చూపిస్తుంది కనుక చాలామంది మోసపోతారు. చుట్టుపక్కల ఇళ్ల వైఫై రూటర్లను ఆనవాలుగా పట్టుకుని వేసే అంచనా అది. వినుకొండ దాటి పొలాల మధ్యకు వెళ్లాక ఆ ఆనవాళ్లు ఉండవు. మీ ట్యాబ్ ఏ రకమో తేల్చుకోవాలంటే గుంటూరు మ్యాపును ముందుగా అందులో దింపుకుని, వైఫై ఆపేసి, డాబా మీద ఆకాశం బాగా కనిపించేచోట కొన్ని నిమిషాలు ఉంచండి. మ్యాపులో మీరున్న చోటును చూపే నీలిచుక్క మీ ఇంటి మీద నిలిచి, తర్వాత మీరు వీధిలో నడుస్తుంటే వెంటే కదిలితే రిసీవర్ ఉన్నట్టు.

ఉన్నా సరే, హ్యాండిల్‌కు ట్యాబ్ వద్దనే నా సలహా. మీటరూ తాళమూ దాని వెనక్కి పోతాయి, గుంత తగిలినప్పుడల్లా ఆ బరువుకు క్లాంపు వదులై తెర కిందికి వాలుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, తెర పెద్దదైనకొద్దీ చూపు దానిమీదే ఆగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ 2 సెకన్లు తెర వైపు చూస్తే దాదాపు 33 మీటర్ల దూరం రోడ్డు చూడకుండా వెళ్లినట్టే. బయలుదేరే ముందురోజు ఇంట్లో కూర్చుని దారి మొత్తం పరిశీలించడానికి మాత్రం ట్యాబ్‌ను మించినది లేదు.

మీ మిత్రుడు చెప్పింది నిజమే. అధిక శక్తిగల మోటారుసైకిల్ ఇంజన్ల కంపనం ఛాసిస్, హ్యాండిల్ గుండా ఫోనుకు చేరి కెమెరాను దెబ్బతీయవచ్చని యాపిల్ కంపెనీయే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా లెన్సును సర్దే సున్నితమైన ఏర్పాటు ఈ కెమెరాలలో ఉంటుంది, ఎడతెగని అదురుకు అది పనితనం కోల్పోతుంది. చిన్న ఇంజన్లలో అదురు తక్కువగా ఉండవచ్చు గానీ, వాటికి కూడా కంపనాన్ని తగ్గించే మౌంటునే (ఫోనును బండికి పట్టి ఉంచే బిగింపు) వాడమని కంపెనీ సూచించింది. నన్నడిగితే ఐఫోన్‌ను జేబులో ఉంచుకుని, బీరువాలో పడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోనేదైనా ఉంటే దాన్ని బండికి బిగించమంటాను. జీపీఎస్‌కు సిమ్ అక్కర్లేదు. ఇంటర్నెట్ సాయం లేనప్పుడు ఉపగ్రహాలను పట్టుకోవడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, బండి కదిలించే ముందే ఆరుబయట కొద్దిసేపు ఆగితే చాలు.

దోర్నాల దాటాక నల్లమల అడవిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు. అందువల్ల గుంటూరు నుంచి శ్రీశైలం వరకు మ్యాపును ఇంట్లోనే వైఫై మీద దింపుకోండి. అలా దింపుకున్న మ్యాపు దారి చెబుతుంది గానీ ట్రాఫిక్ వివరాలు చెప్పదు. ఆ అడవి దారిలో రాత్రిపూట వాహనాలను వదలరు, కనుక యాప్ చూపించే సమయం మీద భరోసా పెట్టుకుని పొద్దుపోయాక దోర్నాల చేరితే తెల్లవారేదాకా చెక్‌పోస్టు దగ్గరే పడిగాపులు పడాల్సి వస్తుంది.

ఛార్జర్‌ను నేరుగా బ్యాటరీకి కాకుండా, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు ఫ్యూజుతో సహా కలపమని మెకానిక్‌కు చెప్పండి. లేకపోతే బండి ఆపి ఉన్నప్పుడు కూడా అది బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. కార్తీకంలో వానలు పడవచ్చు. చినుకులను వేలి స్పర్శగా పొరబడి తెర తనంతట తానే ఏవేవో తెరుస్తుంది కాబట్టి, దారి మొదలుపెట్టాక తెర లాక్ చేసి, తెలుగులో మాటల సూచనలు పెట్టుకుని వింటూ వెళ్లడమే మేలు. ఫోనుకు వాన కవరు తొడిగితే ఎండలో మాత్రం తీసేయండి, లోపల వేడెక్కిపోతుంది. ఐఫోన్‌కు 35 డిగ్రీల వరకే అనువైన వాతావరణమని కంపెనీ చెబుతుంది. మన వేసవి సంగతి మీకు నేను చెప్పాలా!

ప్రశ్న: రామవరప్పాడు వైపు నుంచి స్కూటర్ మీద వస్తుంటే బెంజి సర్కిల్ దగ్గర నేను ఫ్లైఓవర్ కింద ఉన్నా ఫోను పైన ఉన్నానంటుంది. ఫోను చెడిపోయిందా? అసలు బండి మీద ఫోను పెట్టుకుంటే జరిమానా వేస్తారా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఫోను బాగానే ఉందండి. ఆకాశం విప్పారి ఉన్నచోట కూడా ఫోను జీపీఎస్‌లో సుమారు 5 మీటర్ల తేడా సహజం, ఎత్తు విషయంలో అది ఇంకా ఎక్కువ. పైరోడ్డూ కిందిరోడ్డూ ఒకదానిమీద ఒకటి ఉన్నప్పుడు యాప్ ఏదో ఒకదాన్ని ఊహించుకుంటుంది, పైగా కింద ఉన్నవారికి కాంక్రీటు కప్పు ఉపగ్రహాలను అడ్డగిస్తుంది. బందరు రోడ్డుకు మళ్లాలనుకుంటే ఫ్లైఓవర్ ఎక్కకూడదన్న సంగతి ముందే గుర్తుంచుకుని, అక్కడ మాత్రం ఫోను కంటే బోర్డులనే నమ్మండి.

జరిమానా సంగతికొస్తే, 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, ఏకాగ్రత చెదరని విధంగా, కేవలం దారి తెలుసుకోవడానికి ఫోను వాడవచ్చు. చేత్తో పట్టుకుని మాట్లాడినా, మెసేజ్ పెట్టినా అది ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది, మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడవచ్చు. మాటల సూచనలకు చెవులు పూర్తిగా మూసే ఇయర్‌బడ్స్ కంటే హెల్మెట్ లోపల అతికించే చిన్న బ్లూటూత్ స్పీకర్ నయం. వెనక లారీ కొట్టే హారన్ కూడా వినబడుతుంది.